ముద్ద గొంతు దిగాలంటే

భోజనం మధ్యలో ఎవరికైనా పొలమారితే మన ఇళ్లలో పెద్దవాళ్లు మాడు మీద తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటారు. తలచుకునేవారి సంగతి ఎలా ఉన్నా, అక్కడ జరిగింది ఒకటే. అన్నవాహికలోకి పోవలసిన మెతుకు దారి తప్పి శ్వాసనాళం వైపు వెళ్లింది, దగ్గు దాన్ని వెనక్కి తరిమింది. గట్టిగా దగ్గగలిగినంతసేపు శరీరం తన పని తాను చేసుకుంటున్నట్టే. భయపడవలసింది దగ్గు రానివారి గురించి. ఆ మాటకు మళ్లీ వస్తాము.

శేరిలింగంపల్లిలో మా సంఘానికి వచ్చే ఒక సహోదరి ఆరాధన ముగిశాక ప్రేమవిందుకు కూర్చునేవారు కాదు. పండుగనాడు కూడా ఏదో పని ఉందని వెళ్లిపోయేవారు. మనతో కలిసి తినడం ఇష్టం లేదేమో అని కొందరు అనుకున్నారు. మేమూ అనుకున్నాము, దాచడమెందుకు? రెండేళ్ల తరువాత గానీ అసలు సంగతి తెలియలేదు. ముద్దముద్దకూ నీళ్లు తాగితే తప్ప ఆమెకు అన్నం దిగేది కాదు. రానురాను నీళ్లు కూడా ఛాతీలో నిలిచిపోయేవి. రాత్రి పడుకుంటే తిన్నది నోట్లోకి వచ్చి దిండు తడిసేది. నలుగురిలో ఆ అవస్థ పడలేక ఇంట్లో ఒంటరిగా తినేవారు. బంధువులు దిష్టి అన్నారు. చూపించుకున్న చోట గ్యాస్ అని మాత్రలిచ్చారు. మనిషి సగమయ్యారు.

మింగడం మనకు లెక్కలోకి రాని పని. రోజుకు సుమారు 600 సార్లు మింగుతామని అంచనా. అందులో మన ఇష్టప్రకారం జరిగేది మొదటి భాగమే. నమిలి, లాలాజలంతో ముద్ద చేసి, నాలుకతో వెనక్కి నెడతాము. ముద్ద గొంతు వెనుక భాగాన్ని తాకిందో లేదో, పగ్గాలు మెదడు అడుగు భాగం చేతికి పోతాయి. ఇక ఆపుదామన్నా ఆగదు. సుమారు ఒక్క సెకనులో మెత్తని అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది, ఊపిరి ఆగుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక అనే చిన్న మూత దాని మీదికి వంగుతుంది, అన్నవాహిక పై ద్వారం తెరుచుకుంటుంది. గొంతు మీద వేలు పెట్టి ఒక గుటక వేసి చూడండి, స్వరపేటిక లేచి దిగడం మీకే తెలుస్తుంది. తరువాత సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహిక అలలాగా ముడుచుకుంటూ 8, 10 సెకన్లలో ముద్దను కడుపు వాకిలికి చేరుస్తుంది. తలకిందులుగా ఉన్నా మింగిన నీళ్లు కడుపుకు చేరడం ఈ అల చలవే.

ఆ సహోదరికి వచ్చింది అకలేసియా. అన్నవాహికలోని నరకణాలు నశించి అల ఆగిపోతుంది, కింది ద్వారం తెరుచుకోదు. ఏటా లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా వస్తుంది. గట్టి పదార్థమే కాదు, నీళ్లు కూడా నిలిచిపోవడం దీని గుర్తు. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక పైన వెడల్పుగా, కింద పక్షి ముక్కులా కనబడుతుంది. లోపలి ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ పరీక్షతో రూఢి అవుతుంది.

జబ్బు పాతదే. 1674లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు, తిమింగలం ఎముక కొసన స్పాంజి కట్టి రోగి గొంతులోకి దించి అన్నాన్ని తోసే ఉపాయం రాశాడు. 1913లో జర్మనీలో హెల్లర్ కింది ద్వారపు కండరాన్ని కోసి వదులు చేశాడు. 2008లో జపాన్‌లో ఇనోయె అదే పనిని నోటి ద్వారా ఎండోస్కోపుతో, పైన కోత లేకుండా రోగికి చేశాడు. దాన్ని పోయెమ్ అంటారు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 400 మందికి పైగా రోగులకు ఇలా చేసిన అనుభవాన్ని 2017లో ప్రచురించారు. ఆ సంస్థ పెద్ద ఆసుపత్రి ఇప్పుడు మా శేరిలింగంపల్లి పరిధిలోని గచ్చిబౌలిలోనే ఉంది. ఖర్చుకు వెనుకాడేవారు ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలోని జీర్ణకోశ విభాగాలను అడగవచ్చు. అయితే చికిత్సతో ద్వారం వదులవుతుంది గానీ పోయిన అల తిరిగి రాదు. నిటారుగా కూర్చుని, బాగా నమిలి, నెమ్మదిగా తినవలసిందే. కొందరికి పులితేన్పులు, గుండెమంట వస్తాయి.

ఇక దగ్గు రానివారి సంగతి. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో ఇంచుమించు సగం మందికి మింగడం సరిగా ఉండదు. కొందరికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు, నాలుగు రోజుల్లో న్యుమోనియా దిగుతుంది. మన ఊళ్లలో మంచం మీద వెల్లకిలా ఉన్న తండ్రికి కొడుకు ప్రేమతోనే చెంచాతో నీళ్లు పోస్తాడు. ఆ ప్రేమే ప్రాణం మీదికి తెస్తుంది! మింగగలరో లేదో పరీక్షించకముందు నోట ఏమీ పోయకూడదు. ఆ తరువాత కూడా నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక గుటక దిగాకే రెండోది ఇవ్వాలి. పల్చని నీళ్లు త్వరగా జారి దారి తప్పుతాయి, చాలామందికి చిక్కని జావ మేలు. ఎంత చిక్కదనం కావాలో డాక్టరు గాని స్పీచ్ థెరపిస్టు గాని చెబుతారు. మాట్లాడితే గొంతు గరగరమంటే అక్కడితో ఆపండి. పసిబిడ్డ ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో ఆముదం పోసే అలవాటు కూడా ఇలాంటిదే. నూనె ఊపిరితిత్తుల్లో చేరితే సులభంగా పోదు.

మొదట అన్నం, తరువాత జావ, చివరికి నీళ్లు, ఇలా వారాల తరబడి ఒక్కొక్కటే దిగడం మానేసి, బరువు తగ్గుతుంటే గ్యాస్ మాత్రలతో కాలయాపన చేయవద్దు. పొగాకు, సారా అలవాటున్న నడివయసువారు మరీ జాగ్రత్తపడాలి. అన్నవాహిక క్యాన్సరు ఇలాగే మొదలవుతుంది. ఎండోస్కోపీ చేయించండి.

ఆ సహోదరికి చికిత్స జరిగి ఏడాది దాటింది. క్రిస్మస్ విందులో మా పక్కనే కూర్చున్నారు. పక్కన నీళ్ల గ్లాసు ఉంది గానీ ఎక్కువగా ముట్టలేదు. మేమంతా చేతులు కడుక్కున్నా ఆమె ఇంకా తింటూనే ఉన్నారు. పులిహోర బేసిను పట్టుకుని పిల్లవాడు రెండోసారి వస్తే, విస్తరి ముందుకు జరిపారు.