ఊరు కట్టే ఎత్తు

మహాశివరాత్రి నాడు చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి కోటప్పకొండకు ప్రభలు, అంటే వెదుళ్లతో గుంజలతో కట్టిన ఎత్తయిన చట్రాలు, కదిలాయంటే దారి మీది కరెంటు తీగలే తప్పుకోవాలి. 80 అడుగులు, ఒక్కోసారి 100 అడుగుల దాకా లేచిన ప్రభ వస్తోందని తెలిస్తే కరెంటోళ్లు ముందే సరఫరా ఆపి, అడ్డొచ్చే తీగలు విప్పి, అది దాటాక మళ్లీ బిగిస్తారు. రోడ్డు పక్కన భారీ బొమ్మ నిలబెట్టి బాటసారిని ఆపడం ప్రపంచమంతటా ఉన్నదే. అమెరికాలోని బెమిడ్జిలో జానపద కథల కట్టెలు కొట్టే వీరుడు పాల్ బన్యన్ బొమ్మ 1937 నుంచీ ఉంది. ఆస్ట్రేలియాలోని కాఫ్స్ హార్బర్‌లో ఒక పండ్ల దుకాణం ముందు 1964లో పెద్ద అరటిపండు వెలిసింది. వచ్చేపోయే కార్లు ఆగాలి, నాలుగు డబ్బులు రాలాలి అన్నదే అక్కడి లెక్క. పత్తి, మిరప పండే మన మెట్టలో పుట్టిన ప్రభ లెక్క వేరు. ఇది ఎవరినీ ఆపి ఏమీ అమ్మదు. దారి వెంట తానే నడుస్తుంది, పండగ కాగానే విప్పేస్తారు. మన దారుల్లో కనిపించే భారీ కట్టడాలన్నిటిలోకీ దీన్నే నేను గొప్పదంటాను.

ఎందుకో చెప్పాలంటే ఎత్తు సంగతి మాట్లాడుకోవాలి. హైదరాబాద్ దారిలో పరిటాల దగ్గర 135 అడుగుల ఆంజనేయుడు 2003లో వెలిశాడు. తర్వాత శ్రీకాకుళం జిల్లా మడపాం దగ్గర అంతకన్నా ఎత్తయిన ఆంజనేయుడు నిలిచాడు. అమరావతిలో ధ్యానబుద్ధుడిది 125 అడుగులు. ఆ విగ్రహాల పట్ల జనానికున్న భక్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఎత్తునే ఘనతగా చెప్పుకున్న కట్టడం తనకన్నా పొడవైనది లేవగానే రెండోది అయిపోతుంది. ప్రభ ఘనత కొలతలో లేదు, దాన్ని పడకుండా నడిపించడంలో ఉంది. పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల, యడవల్లి లాంటి ఊళ్లలో వెదుళ్లు, సరుగుడు గుంజలు కలిపి చట్రం కడతారు. ఒకప్పుడు ఎడ్లబండి, ఇప్పుడు ట్రాక్టరు దాన్ని మోస్తుంది. కదిలేటప్పుడు చూడాల్సింది ప్రభ తలను కాదు, మోకులను. పైనుంచి దిగిన మోకులు నాలుగు దిక్కులా మనుషుల చేతుల్లో ఉంటాయి. గాలికి ప్రభ పడమరకు ఒరిగిందంటే తూర్పు మోకు బిగియాలి, పడమటి మోకు వదులు కావాలి. ఒకవైపు చక్రం గుంతలో జానెడు దిగితే చాలు, పైన కొస బారెడుకు మించి పక్కకు వాలుతుంది. అంత పొడవు చట్రాన్ని మైళ్ల దూరం నిటారుగా నడిపే ఒడుపు ఏ పుస్తకంలోనూ దొరకదు. మోకు పట్టిన వాడికే తెలుస్తుంది, వాడి పక్కన నిలబడ్డ కుర్రవాడికి అబ్బుతుంది. ఏటా విప్పి ఏటా కట్టడం వల్లే ఆ విద్య బతికుంది. కాంక్రీటులో పోసేసి ఉంటే ఒక్క తరంతో ఆగిపోయేది.

దీనికి అభ్యంతరాలున్నాయి, అవి తేలికైనవీ కావు. కౌలుకు చేసి అప్పుల్లో ఉన్న రైతులున్న చోట ఇంత ఖర్చెందుకని అడుగుతారు. శివరాత్రి వచ్చేది కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్న రోజుల్లోనే. పత్తి తీతలు చాలావరకు అయిపోయి, యార్డులో ధర ఏం పలుకుతుందోనని రైతు ఎదురుచూసే కాలం. చందా బరువు నిజమే. అయితే వెదురు, మోకు, ఊరివాళ్ల చాకిరీ వల్ల ఖర్చు పెరగలేదు. జనరేటర్లు, డీజే పెట్టెలు, క్రేన్లు పెంచాయి. వాటిని తగ్గిస్తే ప్రభకు వచ్చే లోటేమీ లేదు. నా మటుకు డీజే లేకపోతేనే మేలు. రంగు బల్బులు వెలిగి ఆరుతూ బొమ్మను ఆడించే సీరియల్ సెట్ల పనితనం మాత్రం ఉండాలి, అదీ ఒక కళే. ప్రమాదం మాటకొస్తే, తీగ తగిలితే ప్రాణం మీదికొస్తుంది, ప్రభ ఒరిగితే కింద జనం ఉంటారు. పక్క ఊరి ప్రభ కన్నా మనది పొడవుండాలనే పంతమే ఇక్కడ అసలు ముప్పు. ఆ పంతం ప్రభను కూడా కాంక్రీటు విగ్రహాల పోటీలోకే ఈడుస్తోంది. అన్ని ఊళ్లూ కూర్చుని ఒక ఎత్తుకు కట్టుబడితే పోయేదేమీ లేదు, 60 అడుగుల ప్రభకూ అదే నేర్పు కావాలి, అదే మోకు పట్టాలి. కోనసీమనే చూడండి. జగ్గన్నతోటకు ప్రభలను భుజాల మీద మోస్తూ కాలువ దాటిస్తారు. అవి మన ప్రభలంత పొడవు ఉండవు. అయినా 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో రాష్ట్ర శకటంగా వెళ్లింది ఆ ప్రభల తీర్థమే.

తెల్లవారాక తీగలు మళ్లీ స్తంభాలెక్కుతాయి. ప్రభ విప్పిన కుర్రాళ్లు మోకులు చుట్టి లోపల పెడతారు, వెదుళ్లలో చీలినవి వేరుచేసి మంచివి వచ్చే ఏటికి దాస్తారు. కళ్లంలో కాయలు ఇంకా ఆరుతూనే ఉంటాయి.