సభలో తెరమీద వ్రాసి చూపుట

మన సహకార సంఘములలో కంప్యూటరు ప్రవేశించిన పిదప, సర్వసభ్య సమావేశములందు జమాఖర్చులను తెరపై చూపుటకు వీలు కలిగినది. దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటరు సదుపాయము కల్పించు పథకమును 2022 వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది. ఇది సంతోషింపదగిన విషయమే. అయినను తెరపై అంకెలు కనబడినంత మాత్రమున సభ్యులకు లెక్క తెలిసినట్లు కాదు. ఇరువది వరుసల పట్టిక ఒక్కసారిగా కనబడి, చదువుట ముగియక మునుపే మాయమైనచో, రైతు తల యూపి యూరకుండును. సందేహము మాత్రము తీరదు. తన సొమ్ము లెక్క తనకు తెలియని సభ్యుడు సంఘమునకు యజమాని యెట్లగును? కావున సిద్ధపరచిన స్లైడును చూపి యూరకుండక, సభ యెదుటనే దానిపై వ్రాయుచు, గీయుచు చెప్పు పద్ధతిని గూర్చి కొంత వివరించెదము.

పూర్వము వ్యవసాయశాఖవారు గ్రామములలో మాజిక్ లాంతరు ఉపన్యాసము లిప్పించెడివారు. గాజుపలకపై నున్న బొమ్మను కర్రతో చూపుటయేగాని, అప్పటికప్పుడు దానిపై గీత గీయుట సామాన్యముగా జరుగునది కాదు. తరువాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు వచ్చినది. క్రిందినుండి వెలుగు ప్రసరించు పారదర్శకమైన కాగితముపై కలముతో వ్రాసినచో, పైనున్న కటకమును అద్దమును ఆ వ్రాతను పెద్దదిగా తెరపై పడవేయును. వ్రాయువాడు సభకు వీపు త్రిప్పవలసిన పని లేకపోవుట దీనియందలి గొప్ప సౌలభ్యము. 1987 లో వెలువడిన పవర్‌పాయింటు సయితము మొదట ఇట్టి కాగితములను సిద్ధపరచుటకే యుపయోగపడినది.

నేడు ఆ పని కంప్యూటరుతోనే చేయవచ్చును. పవర్‌పాయింటులో స్లైడు ప్రదర్శన నడుచుచుండగా కంట్రోలు మీటను, 'పి' మీటను కలిపి నొక్కిన యెడల బాణపు గుర్తు కలముగా మారును. 'ఇ' మీట నొక్కిన ఆ స్లైడుపై వ్రాసినదంతయు చెరిగిపోవును. కంట్రోలు మీటతో 'ఎ' నొక్కిన మరల బాణము వచ్చును. మౌసుతో అక్షరములు వంకరపోవును గనుక, తాకుడు తెరపై వ్రాయు కలము లభించినచో మేలు.

ఒక యుదాహరణము చూపెదము. 2025-26 సంవత్సరమునకు కొనసాగించిన కేంద్ర వడ్డీ రాయితీ పథకము ప్రకారము, 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ నూటికి 7 రూపాయలు. గడువులో చెల్లించినవారికి నూటికి 3 రూపాయలు ప్రోత్సాహకము. రాష్ట్ర ప్రభుత్వపు రాయితీల నిందు చేర్చలేదు. ఒక సంవత్సరమునకు 1,00,000 రూపాయల ఋణముపై వడ్డీ 7,000. ఖాళీ స్లైడుపై ఏడు గడులు గీసి, ఒక్కొక్క గడి వేయి రూపాయలని చెప్పవలెను. గడువులో కట్టినవానికని మూడు గడులు కొట్టివేసి, మిగిలినవాటిని సభ్యులచేతనే లెక్కింపజేయవలెను. నాలుగని వారే చెప్పుదురు. గడువు దాటినచో కొట్టివేసిన మూడు గడులను మరల గీయవలెను. అక్షరము రానివానికి సయితము 3,000 రూపాయల నష్టము కన్నులకు కట్టినట్లు తెలియును. అదే లెక్క అచ్చువేసిన పట్టికలో నొక మూలనున్నచో నెందరి దృష్టికి వచ్చును?

వ్రాయువారు కొన్ని నియమములను పాటింపవలెను. స్లైడులో సగమైనను ఖాళీగా విడువవలెను. వెనుక వరుసలోనివారికి కనబడునంత పెద్దగా వ్రాయవలెను. ఒక గీత గీసి, దాని యర్థము చెప్పిన పిదపనే రెండవది గీయవలెను. గీతలపై గీతలు పడినచో తెర పిచ్చుకగూడగును. అంకె తప్పుపడినచో చప్పుడు చేయక చెరిపివేయరాదు. కొట్టివేసి, ప్రక్కన సరియైనది వ్రాసి, సభకు చెప్పవలెను. కరెంటు పోయినను సభ నిలువకుండుటకు నల్లబల్లయు సుద్దముక్కయు సిద్ధముగా నుంచుకొనవలెను.

మరియొక ముఖ్య విషయము. ప్రదర్శన ముగించునపుడు, వ్రాసిన గీతలను ఉంచవలెనా విడువవలెనా యని కంప్యూటరు అడుగును. విడువుమన్నచో సభలో చూపిన లెక్కకు ఆనవాలుండదు. ఉంచుమని చెప్పి, ఆ స్లైడులను అచ్చుతీయించి, సంఘపు పుస్తకములతో సరిచూచి, మినిట్సుతో జతపరచుట యుక్తము. అట్లు చేసినచో, రేపు ఏ సభ్యుడైనను వచ్చి, ఆనాడు మాకు చూపిన లెక్క యేదియని యడిగినపుడు కార్యదర్శి సంకోచింపక చూపగలడు.

సోదర రైతులారా! రాబోవు సమావేశమున పట్టిక వేగముగా కదలిపోయినచో మొగమాటపడక, ఆ లెక్కను మా యెదుట వ్రాసి చూపుడని కోరుడు. అట్లు కోరుట తగవులాట కాదు, సభ్యుని హక్కు. వ్రాసి చూపుట పాలకవర్గమువారి ధర్మము.