నీలి కళ్ళ మోజు... నల్లబంగారు నేల మీద!

తెర మీద హీరోయిన్ కళ్ళు నీలంగా మెరిస్తే హాల్లో ఈలలు మోగుతాయి. నెల తిరక్కుండానే అవే నీలి కళ్ళు రామగిరి ఖిల్లా గుట్ట మీద, పెళ్ళి ముందు ఫోటో షూటింగులో, సెంటినరీ కాలనీ అమ్మాయి మొహాన ప్రత్యక్షమవుతాయి! తప్పేముంది? అందం ఎవరి సొత్తు కనుక? కానీ ఆ నీలి రంగు వెనక ఉన్న కన్ను మాత్రం ఆ అమ్మాయి సొత్తే. పెళ్ళి ఆల్బం పాతబడిపోయాక కూడా లోకాన్ని చూడాల్సింది దాంతోనే.

గోదావరిఖని నుంచి మంథని దాకా ఏ ఊళ్ళో చూసినా ఇప్పుడు కాంటాక్ట్ లెన్సుల ముచ్చటే. కళ్ళజోడు పెట్టుకుంటే పెళ్ళిచూపుల్లో బాగోదని కొందరు, ప్రైవేటు పాటల్లో డాన్సు చేసేవాళ్ళు కొందరు, ఉత్తినే సరదాకి మరికొందరు. ఫ్యాన్సీ షాపులో గాజుల పక్కనే ఆకుపచ్చ, తేనె రంగు లెన్సులు! "ఏం కాదక్కా, పెట్టుకో, మస్తుంటవ్!" అంటాడు షాపు కుర్రాడు. ఏమన్నా అయితే వాడు కాదు బాధపడేది.

ఇంతకీ ఈ లెన్సు కూర్చునేది ఎక్కడ? కంటి నల్లగుడ్డు ముందున్న అద్దం లాంటి పొర మీద. దాన్నే కార్నియా అంటారు. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కాస్త అటూ ఇటూ. ఇందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే మనకి లోకమంతా ఎర్రగీతలుగా కనపడేది! రక్తం లేదు కాబట్టి ప్రాణవాయువు కోసం ఆ పొర ముఖ్యంగా బయటి గాలి మీదే ఆధారపడుతుంది. కన్నీటిలో కరిగి లోపలికి చేరుతుందన్నమాట. మరి దాని మీద మనమొక ప్లాస్టిక్ మూత పెడితే? మంచి రకం లెన్సు గాలిని బాగానే పోనిస్తుంది. సంతలో కొన్నది ఎంత పోనిస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

సినిమావాళ్ళకి ఇవన్నీ అలవాటే కదా అంటారేమో. 2024 జూలైలో హిందీ టీవీ నటి జాస్మిన్ భసీన్ ఢిల్లీలో ఒక కార్యక్రమం కోసం లెన్సులు పెట్టుకుంది. మంట మొదలైంది. అయినా పళ్ళు బిగబట్టి కార్యక్రమం పూర్తిచేసింది. చివరికి డాక్టరు చూస్తే తేలిందేమిటి? కార్నియాలు దెబ్బతిన్నాయి! ఈ సంగతి ఆమే స్వయంగా చెప్పుకుంది.

అసలు సినిమాకీ కంటికీ పేచీ ఈనాటిది కాదు. మూకీల రోజుల్లో హాలీవుడ్ స్టూడియోల్లో కార్బన్ ఆర్క్ దీపాలు వెలిగించేవారు. వాటిలోంచి వచ్చే అతినీల లోహిత కిరణాలకి తారల కళ్ళు వాచి, ఎర్రబడి, నీళ్ళు కారేవి. ఆ దీపాల పేరు మీదుగా ఆ జబ్బుకి 'క్లీగ్ ఐస్' అని పేరు పడింది. మన వర్క్‌షాపుల్లో అద్దం లేకుండా వెల్డింగ్ చేసేవాళ్ళకి రాత్రిపూట కంట్లో ఇసుక పోసినట్టుండే బాధ కూడా ఈ జాతిదే. అన్నట్టు, బొగ్గుబావులకీ ఓ సొంత కంటిజబ్బు ఉండేది! బ్రిటన్ గనుల్లో మసక దీపాల వెలుగులో ఏళ్ళ తరబడి పనిచేసిన కార్మికుల కళ్ళు వాటంతటవే అటూ ఇటూ ఊగేవి. 'మైనర్స్ నిస్టాగ్మస్' అన్నారు దాన్ని. తలకి కట్టుకునే మంచి కరెంటు దీపాలు వచ్చాక అది వెనక్కి తగ్గింది.

మరి మన బెల్టు సంగతి? ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ ధూళి, రోడ్డు మీద బొగ్గు లారీలు, రామగుండం వైపు వెళితే కరెంటు ప్లాంటు బూడిద. మామూలు కంట్లో నలుసు పడితే కన్నీరు కడిగేస్తుంది. లెన్సు కింద దూరిందో, రెప్ప వేసినప్పుడల్లా గీస్తుంది. బావిలోకి దిగినవాడు లెన్సు తీసి సర్దుకుందామంటే సబ్బేదీ, శుభ్రమైన నీళ్ళేవీ? చేతినిండా మసేనాయె! అందుకే డ్యూటీలో ఉన్నంతసేపూ కళ్ళజోడు, దాని మీద రక్షణ అద్దాలు. లెన్సు షోకు షిఫ్టు దిగి, ఒళ్ళు కడుక్కున్నాకే. బైకు మీద గాలికి ఎదురుపోయే కుర్రాళ్ళకి కూడా హెల్మెట్ అద్దం కిందకి దించే బుద్ధి ఉండాలి.

ఇదంతా చదివి లెన్సులంటేనే హడలిపోకండి. అవి శత్రువులేం కావు. మెత్తని లెన్సు పుట్టిందే ఓ ముచ్చటైన కథ. చెక్ దేశపు శాస్త్రవేత్త ఒట్టో విక్టర్లె 1961 క్రిస్మస్ రోజుల్లో తన వంటింటి బల్ల మీద, కొడుకు ఆటసామానుతో, సైకిల్ డైనమోతో ఓ యంత్రం కట్టి మెత్తని లెన్సులు పోతపోశాడు. తర్వాతి యంత్రానికి గ్రామఫోన్ మోటారు వాడాడు! పాటలు పాడాల్సిన మోటారు చూపునిచ్చింది. అమెరికాలో ఈ రకానికి 1971లో అనుమతి దొరికింది. అంతేకాదు, కార్నియా పలచబడి శంఖం మొనలా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ జబ్బుంది. దానికి కళ్ళజోడు చాలని దశలో గట్టి లెన్సే దిక్కు. అక్కడ అది షోకు కాదు, మందు. దుమ్ముకి కళ్ళు దురదపెట్టి గట్టిగా నులుముకునే అలవాటు ఈ జబ్బుకి దోహదం చేస్తుంది. కాబట్టి, తమ్ముడూ, ఆ నులుముడు మానెయ్!

ఇక అసలు ప్రమాదం ఎక్కడుంది? నిద్రలో! 1989లో వెలువడిన ఓ అమెరికా పరిశోధన లెక్క చూడండి. మెత్తని లెన్సులు పగలు మాత్రమే పెట్టుకునే 10,000 మందిలో ఏడాదికి నలుగురికి కార్నియా పుండు పడితే, రాత్రి కూడా ఉంచుకునే రకం వాడే 10,000 మందిలో దాదాపు 21 మందికి పడింది. అంటే అయిదు రెట్లు! రెప్ప మూసుకుంటే ఉన్న కాస్త గాలీ ఆగిపోతుంది మరి. సెకండ్ షో చూసొచ్చి అలాగే మంచం మీద వాలేవాళ్ళు, నైట్ షిఫ్టు దిగి బస్సులో కునుకు తీసేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

రెండో గండం నీళ్ళు. కుళాయి, బోరు, ట్యాంకు, గోదావరి... ఎక్కడైనా అకాంతమీబా అనే కంటికి కనపడని జీవి ఉండొచ్చు. లెన్సు సందు చూసుకుని కార్నియాలో దూరిందంటే నెలల తరబడి వైద్యం, భరించలేని నొప్పి. గోదావరి ఒడ్డున సమ్మక్క జాతరకి పోయి మునక వేసేముందు లెన్సులు తీసి డబ్బాలో పెట్టాల్సిందే. ఇంట్లో స్నానానికీ అంతే. లెన్సుని మంచినీళ్ళతో కడగడం, ఉమ్ముతో తడిపి మళ్ళీ కంట్లో పెట్టడం (పెట్టేవాళ్ళున్నారు, నమ్మండి!) రెండూ వద్దు. డబ్బాలో నిన్నటి లోషన్ మీద ఇవాళ్టిది కొంచెం పోసి కలిపేయడం పిసినారితనమే కాదు, క్రిములకి విందు. పాతది పారబోసి కొత్తది పోయండి. డబ్బాని మూడు నెలలకోసారి మార్చండి. లెన్సు గడువు నెల అయితే నెలే. ఫంక్షన్‌కి నలుగురు స్నేహితురాళ్ళు ఒకే జత మార్చి మార్చి పెట్టుకోవడం ఉందే, అది స్నేహం కాదు, కండ్లకలకని పంచుకోవడం!

మేకప్ చేసుకునే చెల్లెళ్ళకి ఒక మాట. చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టి, ముందు లెన్సు పెట్టుకోండి. ఆ తర్వాతే కాటుక, మస్కారా. ఇంటికొచ్చాక ముందు లెన్సు తీసి, ఆపైన రంగు కడుక్కోండి. పవర్ లేని రంగు లెన్సు అయినా కంటి డాక్టరు కొలత తీసి చెప్పందే కొనకండి. అమెరికాలో అయితే 2005 నుంచి సరదా లెన్సుకి కూడా డాక్టరు చీటీ ఉండాల్సిందేనని చట్టమే ఉంది.

కార్నియా పోతే ఏమవుతుందో మన సినీ లోకానికి బాగా తెలుసు. రానా దగ్గుబాటి 2016లో ఒక టీవీ కార్యక్రమంలో తన కుడి కంటికి చూపు లేదనీ, ఆ కన్ను ఎవరో చనిపోయాక దానం చేసిందనీ బయటపెట్టి అందర్నీ నిశ్చేష్టుల్ని చేశాడు. కార్నియా మార్పిడి అంటే హైదరాబాదులో అందరూ చెప్పే పేరు ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ. ఆ ఎల్.వి.ప్రసాద్ ఎవరనుకున్నారు? 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద'... మూడు భాషల తొలి టాకీల్లోనూ వేషం వేసి, 'మనదేశం'తో ఎన్టీఆర్‌ని తెరకి పరిచయం చేసి, 'మిస్సమ్మ' తీసిన మన ప్రసాద్ గారే! ఆయనిచ్చిన స్థలం, విరాళంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో ఆ సంస్థని నిలబెట్టారు. 1996లో ఉత్తర తెలంగాణలో ముథోల్‌కీ వచ్చిందది. సినిమా సంపాదన ఇలా కళ్ళకి ఖర్చయిన సంగతి పోస్టర్ల మీద ఉండదు.

కన్ను ఎర్రబడిందా? నొప్పా? వెలుతురు చూడలేకపోతున్నారా? చూపు మసకేసిందా? లెన్సు తక్షణం తీసేయండి, రెండో కంటిది కూడా. రామగిరి ఖిల్లా మందుమొక్కలకి పేరు పొందిందే, కాదనను. కానీ ఏ ఆకు పసరూ, చనుబాలూ కంట్లో పిండకండి. మెడికల్ షాపులో తోచిన చుక్కలు కూడా వద్దు. ఎరుపు చిటికెలో తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు ఫంగస్ పుండుని లోలోపల పెంచి పోషిస్తాయి. రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు తీసిన లెన్సు, దాని డబ్బా, లోషన్ సీసా కూడా పట్టుకెళ్ళండి. వాటిని పరీక్షిస్తే కంట్లో దూరిన క్రిమి ఏదో తెలిసే అవకాశం ఉంది, మందు కూడా దానికి తగ్గట్టు పడుతుంది.