ఇల్లు బిగుతుగా, గాలి ధారాళంగా!

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. యూకేలో ఇల్లు కట్టి చూసినవాడిగా నాదొక మాట. ఇటుకలు పేర్చడానికి మనుషులు దొరుకుతారు. కష్టమల్లా తలుపులు-కిటికీలు, గాలి, వేడి – ఈ మూడింటినీ కలిపి ఆలోచించడమే. వడ్రంగి, ఎలక్ట్రీషియన్, హీటింగ్ మనిషి ఎవరి పని వాళ్లు చేసి వెళ్లిపోతారు. ముగ్గురి పనినీ కలిపి చూసుకోవలసింది ఇంటి యజమానే! స్థలం కొన్నామనో, వంటింటి వెనుక ఎక్స్‌టెన్షన్ వేస్తున్నామనో ఫోన్ చేసే మిత్రులకు నేను చెప్పే విషయాలే మీతోనూ పంచుకుంటున్నాను.

ఎందుకింత పట్టింపు?

మన మండువా లోగిళ్లలో గాలి దానంతట అదే వచ్చిపోయేది. ఇక్కడి కొత్త ఇల్లు చలికి బిగించిన డబ్బా లాంటిది. నలుగురున్న కుటుంబం ఊపిరి, స్నానాలు, వంట, ఆరేసిన బట్టల ద్వారా రోజుకు దాదాపు 10 లీటర్ల నీటిని గాలిలోకి వదులుతుంది. రోజూ అన్నం, పప్పు, పులుసు వండి, వారానికోసారి ఇడ్లీలు వేసే మన ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ ఆవిరి చల్లటి గోడ మూలకు చేరిందంటే నల్లటి బూజు పడుతుంది.

ఇది గోడ అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు చనిపోయాడు. ఫ్లాట్‌లో చాలాకాలం పీల్చిన బూజు వల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022 నవంబరులో కరోనర్ తేల్చారు. ఆ బాబు పేరుతో పిలిచే చట్టం 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లోని సోషల్ హౌసింగ్‌కు వర్తిస్తోంది. మనం సొంతంగా కట్టుకున్న ఇంట్లో ఆ బాధ్యత పూర్తిగా మనదే.

ముందు గాలి సంగతి

ఇంగ్లండ్ బిల్డింగ్ నిబంధనల్లో అప్రూవ్డ్ డాక్యుమెంట్ ఎఫ్ గాలికి సంబంధించింది. (స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌ల నిబంధనలు వేరు.) అవసరమైనప్పుడు వేసుకునే ఫ్యాన్లయితే వంటింట్లో పొయ్యి మీది హుడ్ సెకనుకు 30 లీటర్ల గాలిని, వేరేచోట బిగించిన ఫ్యాన్ 60 లీటర్లను, బాత్రూం ఫ్యాన్ 15 లీటర్లను బయటికి పంపాలి.

హుడ్ కొనేటప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: “ఇది గాలిని బయటికి పంపుతుందా, లోపలే తిప్పుతుందా?” లోపలే తిప్పే హుడ్ బొగ్గు ఫిల్టరుతో పోపు వాసన తగ్గిస్తుంది కానీ ఆవిరిని మళ్లీ మన మీదికే వదులుతుంది. గొట్టం వీలైనంత పొట్టిగా, తిన్నగా, గట్టిగా ఉండాలి. చల్లటి అటక గుండా వెళ్తే దానికి ఇన్సులేషన్ చుట్టాలి.

“వాన పడుతుంటే కిటికీ తీస్తే తేమ వస్తుంది కదా?” అని చాలామంది అడుగుతారు. చలికాలంలో రాదు! బయట 5 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన గాలి కూడా ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ దాదాపు 40 శాతమే. ఇల్లు బాగా బిగుతుగా కడుతుంటే, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే ఎంవీహెచ్ఆర్ యంత్రం మంచిది. దాని గొట్టాలకు దారి మాత్రం ప్లాన్ గీసేటప్పుడే వదలాలి.

వడ్రంగి పని

లోపలి తలుపుల కింద, ఫ్లోరింగ్ వేశాక, 10 మి.మీ. సందు ఉండాలి. అది లేకపోతే బాత్రూం ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. కాబట్టి లోపలి గదులకు ఎత్తు గడపలు పెట్టించకండి. ఫైర్ డోర్ అయితే మాత్రం బిల్డింగ్ కంట్రోల్‌ను అడగకుండా అడుగు కోయించవద్దు.

కొత్త ఇంటి సింహద్వారం చక్రాల కుర్చీ దాటేలా ఉండాలి కనుక గడప ఎత్తు 15 మి.మీ. మించకూడదు. పసుపు కుంకుమలకు చదునైన టేకు పట్టీ చాలు. ఊరినుంచి చెక్కడపు టేకు తలుపు తెప్పించుకునేవారికి నా సలహా: దాన్ని పూజగదికి పెట్టండి. వేడి ఆపడంలో, భద్రతలో ఇక్కడి నిబంధనలను అది బయటి తలుపుగా అందుకోవడం కష్టం. పైగా మన తేమకు అలవాటుపడిన కలప ఇక్కడి హీటింగుకు కుంచించుకుపోతుంది. మధ్య పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా కూర్చితే పగలదు.

పై అంతస్తులో పిల్లల గది కిటికీ మంటలొచ్చినప్పుడు బయటపడే దారి కూడా. తెరిచినప్పుడు ఖాళీ కనీసం 0.33 చదరపు మీటర్లు, వెడల్పూ ఎత్తూ 450 మి.మీ.కి తగ్గకుండా, తెరుచుకునే భాగం అడుగు నేలనుంచి 1,100 మి.మీ. లోపు ఉండాలి. చలేస్తోందని కిటికీ పైనుండే ట్రికిల్ వెంట్లకు టేపు అంటించకండి.

వేడి

బాయిలర్ సైజు పక్కింటివారిని అడిగి కాదు, గదిగదికీ వేడి నష్టం లెక్కకట్టించి నిర్ణయించండి. కొత్తగా వేసే రేడియేటర్ల వ్యవస్థ 55 డిగ్రీల నీటితో, లేదా అంతకన్నా తక్కువతో, పనిచేసేలా రూపొందించాలి. అంటే రేడియేటర్లు పెద్దవి కావాలి. హీట్ పంపుకు ఇంగ్లండ్, వేల్స్‌లలో 2023 అక్టోబరు నుంచి 7,500 పౌండ్ల గ్రాంటు ఉంది. సొంతంగా కట్టుకునే ఇళ్లూ అర్హమే. బీరువాను బయటి గోడకు ఆనించకుండా కాస్త ఎడం ఉంచండి.

ముహూర్తానికి ముందు

ఇసుక-సిమెంటు స్క్రీడ్ రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున ఆరుతుంది. 50 మి.మీ. మందానికి ఏడు వారాలు! తడి ఆరకముందే చెక్క ఫ్లోరింగ్ వేస్తే ఉబ్బుతుంది. అందుకే పంతులుగారికన్నా ముందు బిల్డరును అడగండి. కొత్త ఇల్లు కట్టుకున్నవారు, పని పూర్తయిన ఆరు నెలల్లోపు వ్యాట్ వాపసుకు దరఖాస్తు చేయడం మరవకండి. ఎక్స్‌టెన్షన్లకు ఇది వర్తించదు.

పిల్లలూ, ఇది మీకు!

ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు మీద చెమట చూశారా? గోడ మీద జరిగేదీ అదే. అమ్మానాన్నలతో ఒక చిన్న హైగ్రోమీటర్ కొనిపించండి. వంటకు ముందు, తర్వాత అంకె రాసిపెట్టండి. 40 నుంచి 60 మధ్య ఉంటే మంచిది. ఎప్పుడూ 60 దాటుతుంటే ఫ్యాన్ వేయమని పెద్దవాళ్లకు గుర్తుచేయడం మీ ఉద్యోగం!

గృహప్రవేశం నాడు పాలు పొంగించే ముందు హుడ్ వేయండి. పాల ఆవిరి బయటికి పోతోందో లేదో చూడండి. మీ కొత్త ఇంటికి అదే మొదటి పరీక్ష. అందరికీ శుభాకాంక్షలు!