అండమాన్ భాషల చుట్టూ అపోహలు

పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీవిజయపురం అయినా, ఆ ఊళ్లోని డెలానీపూర్ తెలుగువాళ్ల నోట ఇంకా పోర్ట్‌బ్లెయిరే. బజారులో హిందీ, ఇంట్లో ఉత్తరాంధ్ర యాస. ఇలా రెండు నోళ్లతో బతికేవాళ్లు సొంతూరు వెళ్తే చుట్టాలు అడిగేది ఒక్కటే: ‘అండమానీ నేర్చుకున్నారా?’

అపోహ: దీవుల్లో ‘అండమానీ’ అనే భాష ఉంది.
వాస్తవం: 2011 జనగణన ప్రకారం ఇక్కడ ఎక్కువమంది మాతృభాష బెంగాలీ, సుమారు 28 శాతం. తర్వాత హిందీ, తమిళం. నాలుగోది 13 శాతంతో తెలుగు. ఇక ఆదివాసుల సంగతి. గ్రేట్ అండమానీయులవే ఒకప్పుడు పది భాషలు. పోర్ట్‌బ్లెయిర్ ప్రాంతపు భాష అకా-బియా. ఇప్పుడది మాట్లాడే మనిషి లేడు. ‘బో’ భాష తెలిసిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసింది. జారవా, ఓంగే భాషలది మరో కుటుంబం. సెంటినలీయుల భాష బయటివాళ్లెవరికీ రాదు.

అపోహ: ఆదివాసుల భాషలకు లిపి లేదు కాబట్టి అవి యాసలే, వ్యాకరణం ఉండదు.
వాస్తవం: భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి పరిశోధన చూస్తే ఈ మాట అనబుద్ధి కాదు. గ్రేట్ అండమానీ వ్యాకరణమంతా మనిషి ఒంటి మీదే నడుస్తుంది. శరీరాన్ని ఏడు భాగాలు చేసుకుని, ఒక్కోదానికి ఒక్కో ఉపసర్గ పెట్టుకున్నారు. తలకు దెబ్బ తగిలి కారిన రక్తానికి ఒక ఉపసర్గ, వేలు తెగి కారినదానికి మరొకటి.   

అపోహ: నికోబారీ కూడా అండమాన్ భాషే.
వాస్తవం: కాదు. అండమాన్, నికోబార్ దీవుల మధ్య ఉన్న టెన్ డిగ్రీ ఛానల్ వెడల్పే దాదాపు 150 కిలోమీటర్లు. నికోబారీ భాషలు ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానివి. వియత్నామీస్, ఖ్మేర్, ఖాసీలతో చుట్టరికం. కార్ నికోబార్‌వాళ్లు తమ భాషను రోమన్ లిపిలో రాసుకుంటారు.

అపోహ: ‘రాంచీవాలా’ల భాష హిందీలో ఓ రకం.
వాస్తవం: నాకు అన్నిటికంటే నచ్చిన చిక్కుముడి ఇదే. అడవి పనులకు బ్రిటిష్‌వాళ్లు 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ కూలీలను రప్పించారు. వాళ్లందరినీ ఇక్కడ ఒకే గాట కట్టి ‘రాంచీ’ అంటారు. రాంచీ ప్రాంతం నుంచి వచ్చారని ఆ పేరు స్థిరపడింది. తమలో తాము మాట్లాడుకునే ఉమ్మడి భాష సాద్రీ. కానీ వాళ్లలోని ఒరావుల సొంత భాష కుడుఖ్ ద్రావిడ భాష, అంటే మన తెలుగుకు చుట్టం. ముండాల ముండారీ ఆస్ట్రో-ఏషియాటిక్, నికోబారీకి చుట్టం. పక్క పక్కనే నిలబడి హిందీలో బేరమాడే ఇద్దరు ‘రాంచీ’లలో ఒకరు భాష రీత్యా మనవాళ్లు, మరొకరు నికోబారీల వాళ్లు!

అపోహ: ఇళ్లలో వేరే భాషలున్నా లెక్కల్లో హిందీ అని రాయిస్తే పోయేదేమీ లేదు.
వాస్తవం: పోతుంది. లెక్కలో తగ్గిన భాషకు బడి, పాఠ్యపుస్తకం అడిగే బలమూ తగ్గుతుంది. 2027 జనగణనలో మాతృభాష అడిగినప్పుడు తెలుగువాళ్లు తెలుగనే చెప్పండి. పక్కింటి ఒరావు కుటుంబానికి కూడా ‘రాంచీ’ అనో ‘హిందీ’ అనో కాకుండా, మాతృభాష కుడుఖ్ అయితే కుడుఖ్, సాద్రీ అయితే సాద్రీ అని రాయించమని చెప్పండి.