ఆఫ్-ప్లాన్

ఇంకా లేవని ఇంటిని ప్లాను చూసి కొనడమే ఆఫ్-ప్లాన్. గల్ఫ్‌లో పిల్లలున్న వేలూరు, గుడియాత్తం తెలుగు ఇళ్లకు ఈ మాట దుబాయ్ బ్రోషర్‌తో వస్తుంది. అందులో బాల్కనీ, కింద నీలి నీళ్లు. స్థలంలో ఇసుక, ఓ క్రేను!

ఊరించేది వాయిదాల సౌకర్యం. అద్దె మీద అక్కడ ఆదాయపు పన్ను ఉండదన్నదీ నిజమే. కానీ కొన్న నాన్న గుడియాత్తంలోనే ఉంటే ఆ అద్దెను ఇక్కడి రిటర్నులో చూపి పన్ను కట్టాల్సిందే. ఈ ముక్క ఏజెంటు నోట రాదు.

2008 మాంద్యంలో దుబాయ్‌లో చాలా ప్రాజెక్టులు ఆగిపోయాయి. అక్కడి 2007 నాటి 8వ నంబరు చట్టం ప్రకారం కొనేవారి డబ్బు ఆ ప్రాజెక్టు కోసమే విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలోకే వెళ్లాలి. ఏజెంటు సొంత ఖాతా నంబరు ఇస్తే అక్కడే ఆగాలి. ఒప్పందం ఆఫ్-ప్లాన్ కొనుగోళ్లను నమోదు చేసే అక్కడి ‘ఉకూద్’ రిజిస్టరులో ఎక్కిందో లేదో చూసుకోవాలి. ఎస్క్రో డబ్బుకు కాపలా కాస్తుంది గానీ, ఆలస్యానికీ ధర పడిపోవడానికీ కాదు.

ఇక్కడి నుంచి ఒక్కొక్కరు ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకే పంపగలరు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటవుతుంది, అయితే వాయిదా కట్టే రోజున మాత్రం ఆ డబ్బూ చేతిలో ఉండాలి.