చిన్న వ్యాపారికి కొత్త చాటింపు

ఒకప్పుడు ఊళ్ళో ఒక సంగతి నలుగురికీ తెలియాలంటే డప్పు కొట్టి చాటింపు వేయించేవారు. పట్నంలో ఐతే గోడల మీద వ్రాయించేవారు, సినిమా హాల్లో స్లయిడు వేయించేవారు, రిక్షాకి మైకు కట్టి వీధులు తిప్పేవారు. వీటన్నిటికీ డబ్బు కావాలి. అంచేత చిన్న వ్యాపారికి మిగిలింది ఒకటే చాటింపు – తిన్నవాడు, కొన్నవాడు ఇంకొకడికి నోటితో చెప్పడం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్ అని మనం రోజూ వాడే సామాజిక మాధ్యమాలు చేసిందల్లా ఆ నోటి మాటకు రెక్కలు కట్టడమే. ఐతే రెక్కలొచ్చిన మాట ఎక్కడ వాలుతుందో చెప్పినవాడి చేతిలో ఉండదు. ఈ చిత్రం సైబరాబాదు రోడ్ల మీదనే జరిగింది గనుక అక్కడినుంచే మొదలు పెడదాం.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతకుముందు మాదాపూర్ అంటే రాళ్ళగుట్టలు, పొలాలు. తర్వాత అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు గాని, వాటి నీడలో పుట్టిన రెండో ఊరి గురించి వ్రాసినవారు తక్కువ. టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు, చాయ్ కొట్లు, ఇస్త్రీ బండ్లు, లేడీస్ టైలర్లు, హాస్టళ్ళకు పాలు పోసేవాళ్ళు – ఏ ప్లానులోనూ వీళ్ళు లేరు. కాని మధ్యాహ్నం ఒంటిగంటకు వీళ్ళు ఒక్కరోజు సెలవు పెడితే ఆ మేడల్లో సగం మంది ఆకలితో కీబోర్డు ముందు కూర్చుంటారు.

అట్లాంటి వాళ్ళలో ఒకామె కుమారి ఆంటీ. గుడివాడ వైపునుంచి వచ్చి, ఐటీసీ కోహినూర్ హోటల్ దగ్గర రోడ్డు పక్కన ఏళ్ళ తరబడి అన్నం, చికెను, లివరు, బోటి కూరలు వడ్డించి అమ్ముకున్న మనిషి. ఆమెకు ప్రకటనలు లేవు. తినడానికి వచ్చిన యూట్యూబ్ కుర్రాళ్ళు వీడియోలు తీశారు. బిల్లు చెబుతూ ఆమె అన్న "మీది మొత్తం థౌజండ్ అయ్యింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా" అనే ఒక్క మాట 2024 జనవరి నాటికి తెలుగువాళ్ళ ఫోన్లన్నిటిలో మోగింది. జనం విరగబడ్డారు. తినేవాళ్ళకన్నా తీసేవాళ్ళు ఎక్కువయ్యారు. కార్లు, మోటారు సైకిళ్ళు రోడ్డు మీదే ఆగిపోయి ట్రాఫిక్ స్తంభించింది. జనవరి 30న పోలీసులు బండి తీయమన్నారు. మర్నాడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకొని, ఆమెను అక్కడే అమ్ముకోనివ్వమని ఆదేశించారు. ఒక అన్నం బండి సంగతి ముఖ్యమంత్రి దాకా పోవడం మన రాష్ట్రంలో చిన్న విషయం కాదు.

దీన్ని అదృష్టం అని వదిలేయడం సులభం. సైన్సు విద్యార్థిగా నాకు దీంట్లో ఒక లెక్క కనబడుతుంది. ఒక వీడియోను కంపెనీవారి యంత్రం మొదట కొద్దిమందికి చూపిస్తుంది. వాళ్ళు చివరిదాకా చూశారా, ఇంకొకరికి పంపారా అని కొలుస్తుంది. ఆ కొలత బాగుంటే ఇంకొంతమందికి చూపిస్తుంది. ఇప్పుడు మొదట 1000 మంది చూశారనుకోండి. ప్రతి పదిమంది వల్ల కొత్తగా పదకొండు మందికి చేరితే, ఇరవై విడతలయ్యేసరికి ఒక్కో విడతకు చూసేవారు సుమారు 6,700 అవుతారు. అదే పదిమంది వల్ల తొమ్మిది మందికే చేరితే, ఇరవయ్యో విడతకు మిగిలేది సుమారు 120 మంది. పదకొండుకూ తొమ్మిదికీ తేడా ఎంత? రెండు! అంటు రోగాల లెక్క కూడా సరిగ్గా ఇదే. వైరల్ అనే పేరు ఊరికే రాలేదన్నమాట. అంచేత ఫలానా బండి పేరు మోగింది, పక్క బండి పేరు మోగలేదు అంటే పక్క బండి కూర బాగుండదని అర్థం కాదు.

ఇంకొక లెక్క కూడా ఉంది, అది మరీ చిన్నది. నిమిషానికి రెండు ప్లేట్లు వడ్డిస్తే మూడు గంటల్లో 360 ప్లేట్లు. వీడియోను పది లక్షల మంది చూసినా ఆ గరిటె వేగం పెరగదు. చూసినవాళ్ళలో విశాఖపట్నంవారు, డాలస్‌వారు ఎంతమంది ఉన్నా బండికి ఒరిగేది లేదు. వీడియో తీసినవారికి మాత్రం ప్రతి చూపుకూ లెక్క ఉంటుంది. నా అభిప్రాయంలో చిన్న వ్యాపారికి కావలసింది లోకప్రసిద్ధి కాదు. రెండు కిలోమీటర్ల లోపల ఉన్న మూడు వందల మంది, వారానికి రెండుసార్లు వచ్చేవాళ్ళు. వీళ్ళకోసం చేయవలసిన పనులు వేరు, వాటికి చప్పుడు తక్కువ.

మొదటిది, వెతికేవాడికి దొరకడం. రీల్సు చూసేవాడు కాలక్షేపానికి చూస్తున్నాడు. "దగ్గర్లో టైలర్" అని గూగుల్ మ్యాపులో కొట్టినవాడు చేతిలో గుడ్డ పట్టుకొని ఉన్నాడు. ఈ ఇద్దరిలో ఎవడు మన గిరాకీ? మ్యాపులో దుకాణం పేరు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు, నాలుగు ఫోటోలు పెట్టడానికి పైసా ఖర్చు లేదు. మా హాస్టలు వెనక కర్రీ పాయింటు ఆయన పేరు మ్యాపులో పెట్టించింది మా రూమ్మేటే. దానికి అరగంట కూడా పట్టలేదు, ఫీజు కింద పప్పుచారు పుచ్చుకున్నాం.

రెండోది వాట్సాప్. వ్యాపారుల కోసం 2018లో విడిగా ఒక వాట్సాప్ వచ్చింది. అందులో సరుకుల పట్టిక పెట్టుకోవచ్చు, దుకాణం మూసిన వేళ దానంతటదే జవాబిచ్చేలా చేయవచ్చు. ఒక మెలిక ఉంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాతో పంపిన కబురు మన నంబరును తన ఫోనులో దాచుకున్నవాడికే చేరుతుంది. కనుక "మా నంబరు సేవ్ చేసుకోండి సార్" అని అడగడం మొహమాటం కాదు, వ్యాపారం. ఉదయం పదిన్నరకు "ఈరోజు గోంగూర పప్పు, దొండకాయ వేపుడు" అని ఒక్క ముక్క పంపితే చాలు. రోజుకు పది శుభోదయాలు పంపితే మాత్రం నంబరు తీసేస్తారు.

మూడోది వ్రాయడం. దీన్ని మనవాళ్ళు మరిచిపోయారు. వీడియోలు ఇంత పెరగకముందు, 2006 తర్వాత కొన్నేళ్ళు తెలుగులో బ్లాగులు బాగా నడిచాయి. లేఖినిలో టైపు చేసి, కూడలిలో చూసుకొనేవారు. రీలు ఆయుష్షు రెండు రోజులు. "పట్టుచీరకు ఫాల్స్ ఎట్లా కుట్టాలి", "పాత కుక్కరుకు గాస్కెట్ ఎప్పుడు మార్చాలి" అని రిపేరువాడు తన అనుభవం ఒక పేజీ వ్రాసిపెడితే, మూడేళ్ళ తర్వాత కూడా ఎవరో వెతుక్కుంటూ వస్తారు. తన పని రహస్యం బయటపెడితే గిరాకీ పోతుందని భయపడేవాళ్ళున్నారు. చదివినవారిలో ఎక్కువమంది "ఇది నావల్ల కాదు" అనుకొని ఆయన దగ్గరికే వస్తారని నా నమ్మకం.

ఇక్కడ రైతు బిడ్డగా ఒక మాట. కౌలు భూమి వేరు, పట్టా భూమి వేరు. కౌలు పొలంలో బోరు వేయించేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మన పొలం కాదు, కౌలు. 2014లో ఆర్కుట్ మూతపడింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అందులో లక్షలమందిని పోగేసుకున్నవాళ్ళకు తెల్లారేసరికి ఒక్కడు మిగలలేదు. గిరాకీ ఫోన్ నంబర్ల పుస్తకం, సొంత వెబ్‌సైటు, దుకాణం పేరు – ఇవి పట్టా. కౌలులో పండించి, గింజలు సొంత గాదెలో పోసుకోవాలి.

డబ్బు పుచ్చుకొని పొగిడేవారి సంగతి కూడా చెప్పాలి. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నియమాలు ప్రకటించింది, పైకమో ఉచిత వస్తువో తీసుకొని మెచ్చుకొంటే ఆ సంగతి చూసేవారికి స్పష్టంగా చెప్పాలని. రోడ్డు పక్కన ఉచితంగా నాలుగు ప్లేట్లు తిని "నెక్స్ట్ లెవెల్" అనేవారు ఎందరు పాటిస్తున్నారో మీకే తెలుసు. ఇక దుకాణదారు నోరు. ఎవరో "రేటు ఎక్కువ" అంటే కోపం వచ్చి తిట్టిన జవాబు, ఆ తిట్టు ఊరంతా తిరిగేదాకా ఆగదు. 2025 ఏప్రిల్‌లో వాట్సాప్‌లో పచ్చళ్ళు అమ్మే ఒక వ్యాపారం ఇట్లాంటి ఒక్క జవాబుతో మూసుకొనేదాకా వచ్చింది. చాటింపు రెండువైపులా మోగుతుంది.

మాది నల్లగొండ జిల్లా, బత్తాయి తోట. కాయ కోసిన ప్రతిసారీ మార్కెట్లో తరుగు కింద కొంత తీసేస్తారు. ఎందుకని అడిగితే జవాబుండదు. పోయిన కాపుకు చెట్టు మీది కాయల ఫోటో, ధర, నా నంబరు హాస్టల్ గ్రూపుల్లో పెడతానంటే మా నాయన నవ్వి, "ఫోటోకు పైసలెవరిస్తర్రా?" అన్నాడు. 5 కిలోల అట్టపెట్టెలు, ఆర్టీసీ కార్గో. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా సీనియర్లే మొదట కొన్నారు, తర్వాత వాళ్ళ ఆఫీసువాళ్ళు. తోటలో చాలా భాగం ఇప్పటికీ మార్కెట్‌కే పోతుంది; టన్నుల కాయ పెట్టెల్లో పోదు. కాని ఆ పెట్టెల ధర మేం చెప్పిన ధర, ఆ తూకం మా కాంటా తూకం. కొన్నవాళ్ళ నంబర్లు మా నాయన ఫోనులో కాదు, ఎరువుల లెక్కలు వ్రాసే పాత నోటుబుక్కులో వ్రాయించుకున్నాడు.